తరుగు లేని బియ్యం

యాభై కేజీల బియ్యాన్ని నెలన్నర పాటు గ్రాము తరుగు పోకుండా దాచి, చివరికి మొత్తం పారబోసిన మనిషి మా సముద్రపుటొడ్డున నేనొక్కతెనే. ఎవరైనా పోటీకి వస్తే ముందు డ్రమ్ము చూపించమంటాను.

కార్తీకమాసం వస్తే మా వైపు వాయుగుండాలు మొదలవుతాయి. కాలువ పొంగి రోడ్డు మీదికి వస్తే మూడు నాలుగు రోజులు కావలి నుంచి సరుకు రాదు. ఊళ్ళో ఉన్న ఒక్క కొట్లో రేట్లకు రెక్కలొస్తాయి. నేను కొట్లో పుట్టి పెరిగినదాన్ని. ఇంకొక కొట్టువాడికి ఆ లాభం ఇవ్వడమంటే నాకు పుట్టింటి పరువు పోయినట్టే. అందుకని ఈసారి ఐదు వేలు పక్కన పెట్టి, వానలకు ముందే ఇంట్లో సరుకు నిలవ చేయాలనుకున్నాను.

పాత బియ్యం పాతిక కేజీల బస్తా పద్నాలుగు వందలుంది. మిల్లులో ఎడగారు పంట, అంటే అప్పుడే కోతకొచ్చిన రెండో పంట, కొత్త బియ్యం పన్నెండు వందలన్నారు.

"తేమ ఉండాదమ్మా, అందుకే ఈ రేటు. ఇంటికి పోయి ఎండబెట్టుకోండి" అన్నాడు మిల్లు ఆయన.

"అయితే నీళ్ళక్కూడా నేనే డబ్బులియ్యాల్నా అన్నా?"

ఆయన బస్తాకు వంద తగ్గించాడు. రెండు బస్తాలు, ఇరవై రెండు వందలు. ఆటోలో ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చాను.

మా పక్కింటి అక్క చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. నేను కొత్త రేకు డ్రమ్ములో బియ్యం పోస్తుంటే వచ్చి పిడికెడు తీసి నలిపి చూసింది.

"రెండు రోజులు ఎండకెయ్యి పాపా. పచ్చిగుండాయి."

"ఎండితే రెండు కేజీలన్నా తరుగు పోతాది గదక్కా."

"నాలుగు కేజీల చేప ఎండితే నాకు కేజీ వస్తాది. నేనేమన్నా ఏడస్తండానా?"

ఏడవదు. ఆమె ఎండినదాన్ని అమ్ముకునే మనిషి. మా నాన్న కొట్లో ఉప్పు బస్తాకు కూడా ఎండ తగలనిచ్చేవాళ్ళం కాదు. బరువు తగ్గితే నష్టం మాదే. పైగా సరుకు మా దగ్గర పదిరోజులు నిలిస్తే గొప్ప. అమ్మడం నేర్చుకున్నాను గానీ దాచడం నాకెవరూ నేర్పలేదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. తేమ పేరు చెప్పి రేటు తగ్గించుకున్నదాన్నే, ఇల్లు చేరేసరికి ఆ తేమ నా ఆస్తి అయిపోయింది. మూత బిగించి చుట్టూ టేపు కూడా వేశాను.

తర్వాత వాయుగుండం వచ్చింది. రోడ్డు మునిగింది. వంటింటి డబ్బాలో బియ్యం అయిపోయిన రోజు, ఇక చూడండి అన్నట్టు మా ఆయన్ని పిలిచి టేపు విప్పాను. మూత తీయగానే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. బియ్యం పచ్చగా, బూజు పట్టి, గడ్డలుగా ఉంది. అడుగుదాకా తవ్వాను. మధ్యలోనన్నా బాగుంటుందని ఆశ. లేదు.

"మరి రాత్రికి ఏం తింటాం?" అన్నాడాయన. ఆయన కోప్పడివుంటే బాగుండేది.

గొడుగేసుకుని అక్క గుమ్మంలో నిలబడ్డాను. ఏమీ అడగకుండానే ఆరు కేజీలు కొలిచింది. రేటెంతని అడిగాను.

"డబ్బులొద్దు. బియ్యానికి బియ్యం ఇయ్యి. పాతవి తేవాల." సంచి నా చేతికిస్తూ, "బేరమాడి తేబాక, చెప్పిన రేటుకే తే" అంది.

నా జన్మలో ఎదుటివాళ్ళు అడిగినదానికి బేరం లేకుండా నేను అలాగేనని తలూపింది ఆ ఒక్కసారే.

లెక్క ఇది. బియ్యం రెండు వేల రెండు వందలు. ఆటో రెండు వందల యాభై. అక్కకు తిరిగిచ్చిన ఆరు కేజీల పాత బియ్యం మూడు వందల ముప్పై ఆరు. డ్రమ్ము తొమ్మిది వందలు గానీ, కడిగి ఎండబెట్టాను, పనికొస్తుంది, దాన్ని నష్టంలో రాయను. మొత్తం రెండు వేల ఏడు వందల ఎనభై ఆరు. ఎండబెట్టివుంటే పోయే తరుగు రెండు కేజీలు, అంటే ఎనభై ఎనిమిది రూపాయలు. ఇందులో మిల్లు ఆయన నన్ను ముంచింది ఒక్క పైసా లేదు.