"అందింది" అని రాసింది నేనే

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, కెనడాలోని హాలిఫాక్స్‌లో రోగుల ఇళ్లకు నర్సులను పంపే ఒక సంస్థ కోసం వెబ్ అప్లికేషన్ తయారుచేసే బృందానికి నేను టెక్నికల్ లీడ్‌గా ఉన్నాను. అవసాన దశలో ఉన్నవారి నొప్పి తగ్గించడానికి నర్సు కావాలని కుటుంబాలు అందులో ఫారం నింపేవి.

మేము వాడిన ఫ్రేమ్‌వర్క్‌లో ఒక్కో భాగానికి ఒక్కో పని. వచ్చిన అభ్యర్థన ఎటు వెళ్లాలో రూటర్ చూస్తుంది. కంట్రోలర్ దాన్ని అందుకుని, వివరాలు సరిచూసి, మోడల్ ద్వారా డేటాబేస్‌లో రాయిస్తుంది. వ్యూ తెరమీద జవాబు చూపిస్తుంది. ఆలస్యమయ్యే పనులను క్యూలో పెడతారు. వర్కర్ అనే వేరే ప్రోగ్రాం వాటిని ఒక్కొక్కటిగా తీసి పూర్తిచేస్తుంది. నర్సుల ఆఫీసుకు సమాచారం పంపేసరికి పేజీ చాలాసేపు ఆగిపోతోందని, ఆ పనిని నేనే క్యూలోకి మార్పించాను. క్యూలో పడగానే "మీ అభ్యర్థన నర్సుకు అందింది" అని తెరమీద కనిపించేది. ఆ వాక్యమూ నాదే. "వరుసలో ఉంది" అంటే ఇంట్లోవాళ్లు కంగారుపడతారనుకున్నాను.

ఒక శుక్రవారం కొత్త వెర్షన్ ఎక్కించాం. ఆదివారం చర్చి ఆరాధనలో మా సంఘ సభ్యులు ఏసురత్నం గారు లేచారు. భార్య సుగుణమ్మ గారికి కాన్సర్ నొప్పి ఓర్చుకోలేనంతగా ఉందని, నర్సు కోసం శనివారమే ఫారం నింపినా ఎవరూ రాలేదని చెప్పి, ప్రార్థించమన్నారు. సంఘ పెద్దగా ప్రార్థన నేనే నడిపించాను. నర్సును త్వరగా పంపమని కన్నీళ్లతో దేవుణ్ణి అడిగాను. ఏ ఫారం అని మాత్రం ఆయన్ని అడగలేదు.

సోమవారం పొద్దున్నే, మా బృందంలోని వరంగల్ అమ్మాయి మాధవి నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, వర్కర్ మళ్లా లేవనే లేదు. శుక్రవారం సంది ఒక్కటి గూడ పోలే."

వెర్షన్ ఎక్కించాక వర్కర్‌ను తిరిగి నడిపించాలి. అది నడుస్తోందో లేదో తెలిపే ఏర్పాటు మేము పెట్టలేదు. ఆగిపోయిన పేర్లలో సుగుణమ్మ గారి పేరుంది. ముందు నర్సుల ఆఫీసుకు ఫోన్ చేశాను, తర్వాత ఏసురత్నం గారికి. తెల్లవారుజామునే ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లారని, చివరిదాకా నొప్పితోనే ఉన్నారని ఆయన చెప్పారు.

ఆ మధ్యాహ్నం ఫెర్రీ ఎక్కి హార్బర్‌కు అవతలి ఒడ్డున ఉన్న వాళ్లింటికి వెళ్లి, జరిగినదంతా చెప్పాను. ఆయన అంతా విని అడిగారు.

"ఆ మాట రాసింది మీరేనా బ్రదర్?"

నేనేనన్నాను.

"శనివారం సాయంత్రం ఫోన్ చేద్దామనుకున్నాను. తనే ఆపింది. అందిందని రాశారు కదండీ, ఊరికే విసిగిస్తే ఏం బాగుంటుంది, అంది."

ఆ వారమే మార్పులు చేశాం. నర్సుల ఆఫీసు నుంచి తిరుగు సమాచారం వచ్చాకే "అందింది" అని కనిపిస్తుంది. అంతవరకు "ఇంకా అందలేదు" అనే మాట, కింద ఫోన్ నంబరు ఉంటాయి. వర్కర్ ఆగితే మా ఫోన్లు మోగుతాయి.

దేవుడు ఆ ప్రార్థన వినలేదని నేనెన్నడూ అనుకోలేదు. నేను చేయవలసిన పనిని ఆయన్ని చేయమని అడిగాను. ఇప్పటికీ సంఘంలో ఎవరైనా మనవి చెప్పినప్పుడు, కళ్లు మూసుకోకముందే, ఆ పని ఎవరి చేతిలో ఉందో అడుగుతాను.