ఉల్‌సన్ అక్క పూచీ

మా ఉల్‌సన్ అక్కకి పుట్టగొడుగుల గురించి తెలియనిది లేదు. మనుషుల్ని నమ్మడంలో మాత్రం ఒట్టి వెర్రిబాగులది. కొరియాలో తేగూ నగరం చివర, అద్దకం మిల్లుకి దిగువన ఆవిడ షెడ్డు. రంపపు పొట్టు నింపిన సంచుల్లో చిప్ప పుట్టగొడుగులు పెంచుతుంది. మొగుడు పోయాక ఆ షెడ్డు మీదే బతుకుతూ, మరిది కిచోల్‌ని కన్నకొడుకులా సాకి చదివించింది. ఇప్పుడతను ఆ మిల్లులోనే మురుగునీటి శుద్ధి చూస్తాడు.

కోత అయిపోయిన సంచులు కావాలని అతనే వచ్చి అడిగాడు. పొట్టుకి పట్టిన తెల్లటి బూజు కొన్ని ఎంజైములు వదులుతుందట. చెక్కనే అరిగించే ఆ ఎంజైములు అద్దకం రంగుని కూడా విరగ్గొడతాయట. అక్క ముందు నమ్మలేదు. బకెట్టెడు నీలం నీళ్ళు తెప్పించి ఒక సంచిలో తనే పోసి చూసింది. బూజంతా నీలమై, కొన్నాళ్ళకి మట్టిరంగుకి తిరిగింది. కిందికి కారిన నీళ్ళలో రంగు లేదు. ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు.

అప్పట్నుంచీ సంచులన్నీ మిల్లుకే వెళ్ళాయి, మిల్లు నీళ్ళు కలిసే మా వాగు తేటపడింది. పూర్వం చలికాలానికి ఊరబెట్టుకునే కిమ్చీ పచ్చడికి ఊరి ఆడవాళ్ళమంతా కలిసి క్యాబేజీలు ఆ వాగులోనే కడిగేవాళ్ళం. మిల్లు వచ్చాక మానేశాం. ఆ ఏడు అక్క ఇంటింటికీ తిరిగి, మళ్ళీ వాగులోనే కడుగుదాం, నాదీ పూచీ అంది. ఆవిడ మాట మీద, రాత్రంతా ఉప్పులో ఊరిన క్యాబేజీలు తెచ్చి వాగులో దించాం.

సగం కడిగేసరికి పైనుంచి నీలం దిగింది. తెల్లటి ఆకుల మడతల్లోకి పట్టేసింది. చలికాలమంతా తినాల్సిన కూర నేలపాలైంది. అక్కని ఎవరూ తిట్టలేదు, అసలు ఆవిడ వైపే చూడలేదు. దానికంటే తిట్టడమే నయం. ఆవిడ ఒక క్యాబేజీ చంకన పెట్టుకుని మిల్లుకి నడిచింది. నేనూ వెంట వెళ్ళాను.

తొట్టిలో సంచులు వరసగా పేర్చి ఉన్నాయి. అక్క ఒకటి చీల్చింది. లోపల బూజు తెల్లగా మెరుస్తోంది, పక్కనుంచి లేత పుట్టగొడుగులు కూడా మొలిచాయి. రంగు తాగిన బూజు అలా ఉండదు. వాటి మీద మంచినీళ్ళు తప్ప ఏమీ పడలేదు.

"నా సంచులకి రంగు చూపించనే లేదు కదరా," అంది కిచోల్‌తో.

బూజు పని నిదానమని, యజమాని ఆగనన్నాడని అతను నసిగాడు. రంగునీళ్ళు ఇన్నాళ్ళూ వెనక గుంటలో దాచారట. అది నిండిపోతే ఆ పొద్దున వదిలేశారట.

"మరి సంచులెందుకు పట్టుకెళ్ళావు?"

"నువ్వు చెబితే ఊరు నోరెత్తదు వదినా. మిల్లుకి కావాల్సింది అదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చేసిన మనిషి పేరుని మురికి గోడకి సున్నంలా వాడుకున్నాడు. అక్క చంకలోని క్యాబేజీ నుంచి నీలం పట్టిన ఆకు ఒకటి చీల్చి, చుట్టచుట్టి, అతని నోటి దగ్గర పెట్టింది. కిమ్చీ పెట్టే రోజు మొదటి ఆకు ఏటా అతనికి ఆవిడే తినిపించేది.

"తిను."

కిచోల్ పెదవులు బిగించుకున్నాడు.

"మేం ఇవాళ కడుగుతామని నీకు తెలుసు. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

అక్క చెయ్యి దించలేదు. ఊరందరి చేతా ఆ ఆకు తినిపించడానికి సిద్ధపడ్డవాడు, తను మాత్రం నోరు తెరవలేదు.