ఫ్రాన్సు వంటింట్లో మిరపకాయల దండ

మొన్న గుంటూరులో మా అమ్మాయి కొత్త ఫ్లాటులోకి దిగింది. వంటింటిని ఫ్రాన్సు పల్లెటూరి పద్ధతిలో చేయించానని, రా చూద్దువుగాని అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. తెల్లటి గోడలు, ముతక చెక్క అరలు, వేలాడే రాగి గిన్నెలు, పొయ్యి పక్కన ఎర్రటి మిరపకాయల దండ చూసి నాకు నవ్వాగలేదు. అలాంటి వంటింటిని మా అమ్మ ఎనభైల్లోనే, ఇక్కడికి పడమటగా ఉన్న మా మెట్టపల్లెలో తన రెండు చేతులతో చేసింది మరి!

నాన్న బడిపంతులు కాబట్టి మాది గౌరవమైన ఇల్లే. కానీ ఆ గౌరవం వసారా వరకే, వంటింటి గోడలు మాత్రం పత్తికంప పొగకు మసిబారి ఉండేవి. చర్చి స్త్రీల ప్రార్థన కూడిక వంతులవారీగా ఒక్కో ఇంట్లో జరిగేది. మా వంతు వచ్చినప్పుడల్లా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి టీ గ్లాసులు అందించేదే తప్ప ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు. మిషను బోర్డింగు బడిలో చదువుకున్న మనిషి కదా, ఆ మసి నలుగురి కంటా పడితే తల కొట్టేసినట్టుండేది ఆమెకు.

ఒక ఏడు పొగాకు కంపెనీ క్యాలెండరులో ఫ్రాన్సు పల్లె వంటింటి బొమ్మ వచ్చింది. అంతే, అమ్మ కొంగు బిగించింది. మసి గీకి, సున్నంలో కాస్త నీలిమందు కలిపి గోడలకు కొట్టింది. పాత ఎడ్లబండి చెక్కలతో నాన్న చేత అరలు కొట్టించి, వాటి అంచులకు తానల్లిన లేసు కట్టింది. బొమ్మలో పొయ్యి పైన వెల్లుల్లి జడలు వేలాడుతున్నాయి. అంత వెల్లుల్లి మాకెక్కడిది? నాయనమ్మ కోతకు వెళ్ళి కూలి కింద తెచ్చిన మిరపకాయలనే అమ్మ దారానికి గుచ్చి కట్టింది. కల్లంలో ఆరబోయడమే తప్ప మిరపకాయను దండ గుచ్చడం మా వైపు ఎవరూ ఎరగరు.

"మిరపకాయలకు దండేంటే, వాటికేమన్నా పెళ్ళా?" అని నాయనమ్మ ముక్కున వేలేసుకుంది.

ఈసారి కూడికకు వచ్చినవాళ్ళను లోపలికి పిలవాలని అమ్మ ఆశ. అందరూ వసారాలో కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా, అంతమందికి టీ కాయాలని పొయ్యిలో కంప ఎక్కువ పెట్టింది. మంట ఎగిసి దండ అంటుకుంది. గుంటూరు కారం ఘాటు సంగతి చెప్పాలా! ఆమెన్ అనకుండానే అందరూ దగ్గుతూ, తుమ్ముతూ వాకిట్లోకి పరుగెత్తారు. నాన్న బిందెడు నీళ్ళు కుమ్మరించి మంట ఆర్పారు. అమ్మ మాత్రం తలెత్తలేక గోడవారగా నిలబడిపోయింది.

పాస్టరమ్మ గారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అమ్మ దగ్గరకు వచ్చారు. "ఏ ప్రసంగానికీ ఇన్ని కన్నీళ్ళు రాలేదమ్మాయ్! పద, ఇంతగా ఏడిపించిన వంటిల్లేదో చూడొద్దూ!" అంటూ తనే ముందు గడప దాటారు. వెనకే అందరూ వచ్చి, ఆ తెల్లగోడల మధ్య నేల మీదే చతికిలబడి టీ తాగారు. అమ్మ మొహంలో అంత వెలుగు మళ్ళీ చూడలేదు నేను. మర్నాటి నుంచి చేలో ప్రతివాళ్ళకూ "మా కోడలిది ఫ్రాన్సు వంటిల్లు" అని చెప్పుకున్నది నాయనమ్మే. ఊళ్ళో మా ఇంటికి ఫ్రాన్సోళ్ళ ఇల్లన్న పేరు స్థిరపడిపోయింది. ఇప్పటికీ ఆ పేరు వింటే నాకు గర్వమే.

మా అమ్మాయి వంటిల్లు అందంగానే ఉంది, కాదనను. గృహప్రవేశం భోజనాలు హోటలు నుంచి వచ్చాయి. చుట్టాలందరూ హాల్లోనే తిని, వంటింటిని గుమ్మంలోంచి చూసి మెచ్చుకుని వెళ్ళారు. అందరూ వెళ్ళాక నేను లోపలికి వెళ్ళి ఆ దండను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ప్లాస్టిక్కు కదా, ఘాటెక్కడుంటుంది? కళ్ళల్లో నీళ్ళు మాత్రం వచ్చాయి.