నాలుగు టేబుళ్ళు, ఒక కుర్చీ

ఇరవై రెండేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషిని ఒకే వాక్యంతో లేపేశారు. "ఏకకాలంలో పలు పిలుపులను నిర్వహించగల సామర్థ్యం లోపించినందున" అని మొదలై, లొరెట్టా హావ్రిలా ఉద్యోగం ఊడిందని చెప్పి ముగిసింది ఆ వాక్యం. ఇలాంటి ఉత్తరాల్లో ఏం రాశారన్నది తర్వాత చూడాలి. ఏం రాయలేదన్నది ముందు చదవాలి. పక్క కుర్చీ పద్నాలుగు నెలలుగా ఖాళీగా ఉందన్న సంగతి అందులో ఎక్కడా లేదు.

పెన్సిల్వేనియా పడమటి కొండల్లో జిల్లాలాంటి ఒక చిన్న కౌంటీ అది. అక్కడి అత్యవసర ఫోన్ల గదిలో ఆమె పని. నిప్పంటుకున్నా, గుండె ఆగినా, మొగుడు కొడుతున్నా మొదట వినబడేది ఆమె గొంతే. జనవరిలో మంచువాన కురిసిన ఒక మధ్యాహ్నం, మొదటి లైనులో ఒక అమ్మమ్మ. మనవడి గొంతులో ద్రాక్షపండు ఇరుక్కుంది. ఎక్కడ చెయ్యి వేయాలో, ఎంత గట్టిగా తట్టాలో లొరెట్టా చెబుతూ ఉండగా రెండో లైనులో రోడ్డు ప్రమాదం, నాలుగో లైనులో తెగిన కరెంటు తీగ. మూడో లైను నిమిషం నలభై సెకన్లు మోగింది. పిల్లాడు ఊపిరి పీల్చుకున్నాడు. మూడో లైను ఎత్తేసరికి ఒక కారు షెడ్డులో పుట్టిన మంట ఇంటిని అందుకుంది. మనుషులు బయటపడ్డారు, ఇల్లు బూడిదైంది. పన్నెండు రోజులకు ఉత్తరం వచ్చింది.

యూనియన్ సవాలు చేసింది. మధ్యవర్తి ముందు విచారణ ఏప్రిల్‌లో అన్నారు. ఈలోగా కౌంటీ ఒక బేరం పెట్టింది: కంప్యూటరు మీద పరీక్ష, పన్నెండు నిమిషాలు, ఒకేసారి నాలుగు పిలుపులు. నెగ్గితే కుర్చీ తిరిగి ఇస్తారు. ఓడితే ఆమె కేసు వదులుకోవాలి. గడువు ఐదు వారాలు.

"రాస్తాను," అంది లొరెట్టా. నెగ్గుతానన్న నమ్మకం ఉండి కాదు. ఓడిపోతానేమోనన్న అనుమానమే ఆమెకు భరించరానిదైంది.

ఈస్టరుకు ముందు మాంసం మానే లెంట్ రోజుల్లో ప్రతి శుక్రవారం అగ్నిమాపక దళం వాళ్ళ ఫైర్ హాల్లో చేపల విందు. పిండి కలిపే పని లొరెట్టాది, బంగాళాదుంపలు తరిగే పని పొరుగింటి రూడీ పాస్టొరెక్‌ది. బడి బస్సు నడిపి రిటైరైన రూడీ పొద్దున్నే కాఫీతో కంప్యూటరు ముందు కూర్చుని ఒకేసారి నాలుగు టేబుళ్ళలో పోకర్ ఆడతాడు.

"మా ఇంటికొచ్చి పేకాడు," అన్నాడు తరుగుతూనే. "నాలుగు టేబుళ్ళూ ఒకేసారి నీ పీక మీద కూర్చుంటాయి. అంతకన్నా సాధన ఏముంది?"

"పేకాటా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలిపెడుతుంది."

"రానీ. ఆవిడకీ ఓ టేబుల్ తెరుస్తా."

సోమవారం పొద్దున మొదలుపెట్టారు. పందేలన్నీ ఒకటీ రెండు సెంట్లవే. ఆట మరీ చిక్కుది కాదు. చేతికి రెండు ముక్కలు, అందరికీ ఉమ్మడిగా మధ్యలో ఐదు. మీ వంతు రాగానే గంట మోగి, తెర మీద ఒక పచ్చగీత కుంచించుకుపోతుంది. పదిహేను సెకన్లలో పందెం కాయాలి, లేదా ముక్కలు పారేయాలి. ఏదీ చేయకపోతే మీ ముక్కలు కంప్యూటరే పారేస్తుంది. ఒక టేబుల్ మీద లొరెట్టా రెండు రోజుల్లో కుదురుకుంది. నాలుగు తెరిచిన రోజు మాత్రం తల తిరిగిపోయింది. కింది టేబుల్‌లో ఏడూ రెండూ, వట్టి చెత్త ముక్కలు వస్తే పారేద్దామని నొక్కబోయింది. సరిగ్గా ఆ క్షణంలో పై టేబుల్ గంట మోగించి ముందుకు దూకింది. నొక్కు దాని మీద పడింది.

"జత రాజుల్ని చెత్తబుట్టలో వేశావు తల్లీ," అన్నాడు రూడీ. "ఇంగ్లండు వాళ్ళకి తెలిస్తే నీకు వీసా ఇవ్వరు."

అంతకన్నా పెద్ద జబ్బు మూడో రోజు బయటపడింది. ఆమె ముక్కలు పారేయడం లేదు. చెత్త ముక్కలతోనూ చివరిదాకా పందెం కాస్తోంది, నాలుగు టేబుళ్ళలోనూ.

"దేనికి పట్టుకు వేలాడుతున్నావ్?"

"అవతలివాడు ఇంకా ఉన్నాడుగా."

"ఉంటే?"

"వాడు ఫోను పెట్టేదాకా నేను పెట్టకూడదు." అనేశాక గానీ తానేమన్నదీ లొరెట్టాకు వినబడలేదు.

రూడీ కాఫీ కప్పు కింద పెట్టాడు. "అక్కడెవడూ చచ్చిపోవట్లేదు లొరెట్టా. ఫిలడెల్ఫియాలో ఎవడో చెప్పులేసుకుని చిప్స్ నములుతున్నాడు. వాడి మీద నీకు జాలి దేనికి?"

ఇరవై రెండేళ్ళ అలవాటు ఒక వారంలో వదలదు. అయినా ఆమె పళ్ళు బిగించి నేర్చుకుంది. పక్కన పసుపు కాగితాల పుస్తకం పెట్టుకుని, ఫోన్ల గదిలో రాసినట్టే గంటా నిమిషం సెకనుతో సహా ప్రతి తప్పునూ రాసుకుంది. నాలుగో వారానికి ఆ కాగితం ఒక సంగతి తేల్చింది. నలభై నిమిషాల్లో ఒక టేబుల్ మీద రెండు తప్పులు. రెండింటి మీద మూడు. మూడింటి మీద పదకొండు. నాలుగింటి మీద ఇరవై ఆరు.

"నీకు ఇన్ని తప్పులు ఎందుకు పడవు?" అని రూడీని నిలదీసింది.

"నేను చూస్తేగా? పదిట్లో తొమ్మిది కన్నెత్తి చూడకుండానే పారేస్తా. అన్నీ చూసి ఆడేవాడు నాలుగు ఆడలేడు. నేనే కాదు, ఎవడూ ఆడలేడు."

లొరెట్టా చెయ్యి ఆగిపోయింది. తెర మీద నాలుగు గంటలూ మోగి, నాలుగు గీతలూ కరిగి, నాలుగు చోట్లా ఆమె ముక్కలు వాటంతటవే పోయాయి. తెర మూలన 'ఇంకో టేబుల్ తెరవండి' అన్న బొమ్మ మెరుస్తూనే ఉంది.

"అది ఎందుకు మెరుస్తోంది?"

"ఎన్ని తెరిస్తే అన్ని బహుమతి పాయింట్లు. ప్రతి ఆటలోనూ పందెం డబ్బులోంచి కంపెనీకి దాని కోత దానికుంటుంది. గెలిచినా ఓడినా మనమే, వాళ్ళకేం."

టేబుళ్ళ సంఖ్య పెంచమనేవాడు ఎన్నడూ ఆ టేబుల్ ముందు కూర్చోడు. సంఖ్య పెరిగితే లాభం వాడిది, తప్పు ఆడేవాడిది. పద్నాలుగు నెలలు ఒక జీతం మిగుల్చుకున్న కౌంటీ ఇంతకన్నా కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆ జనవరి మధ్యాహ్నం తాను ఏ ముక్క పారేసి ఉండాల్సింది? ద్రాక్షపండు పిల్లాడినా?

లొరెట్టా అక్కడి నుంచే యూనియన్ ప్రతినిధి బెవర్లీ టాన్సెక్‌కు ఫోన్ చేసింది. "నేను పరీక్ష రాయను."

"మతి పోయిందా? అంత సాధన చేసి? పాసవుతావు."

"పాసైతే ఒక కుర్చీకి నాలుగు లైన్లు న్యాయమేనని నేనే సంతకం పెట్టినట్టు. రేపు నా తర్వాత కూర్చునే పిల్లకి ఐదు ఇస్తారు."

"కేసు ఓడితే కుర్చీ మళ్ళీ కలలో కూడా రాదు. అది తెలుసుగా?"

"తెలుసు. షిఫ్టు పట్టీలు అడుగు. పద్నాలుగు నెలలవీ. పక్క కుర్చీలో ఏ రోజు ఎవరున్నారో రోజువారీగా కావాలి."

విచారణ లైబ్రరీ మేడ మీది గదిలో జరిగింది. కౌంటీ లాయరు కళ్ళజోడు సవరించుకున్నాడు. ఫైర్ హాల్లో రూడీ కొట్టిన గొప్పలు అతని దాకా చేరాయి.

"మీరు ఈ మధ్య కంప్యూటరు మీద పేకాట ఆడుతున్నారట?"

"ఆడుతున్నానండి."

"ఒకేసారి నాలుగు టేబుళ్ళు?"

"అవును."

"అంటే నాలుగు పనులు ఒకేసారి చేయగలరు. ఆ రోజు మాత్రం చేయలేదు."

మధ్యవర్తి తలెత్తాడు. ఉత్తరంలో సామర్థ్యం లేదన్నవాళ్ళు ఇప్పుడు ఉందంటున్నారు. ఆయన ఆ మాట రాసుకున్నాడు.

లొరెట్టా తొందరపడలేదు. "చేయగలను సర్. పదిట్లో తొమ్మిది చూడకుండా పారేసి. మీ అమ్మగారు ఫోన్ చేసిన రోజు ఆవిణ్ణి ఆ తొమ్మిదిలో వేయమంటారా, వద్దా? అది చెప్పండి, అలాగే చేస్తాను."

లాయరు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత బెవర్లీ షిఫ్టు పట్టీలు బల్ల మీద పెట్టి ఫోన్ల విభాగం డైరెక్టరును అడిగింది: కుర్చీకి నాలుగు లైన్లని ఎవరు నిర్ణయించారు? ఎవరూ నిర్ణయించలేదు, బడ్జెట్ అలా కుదిరింది అన్నాడు. రెండో ఉద్యోగానికి ప్రకటన ఎప్పుడు వేశారు? వేయలేదు. ఆ నాలుగు పిలుపుల పరీక్ష మీరెప్పుడైనా రాశారా? ఆయన నీళ్ళ గ్లాసు వైపు చూశాడు. లేదు.

జూన్‌లో తీర్పు వచ్చింది. కుర్చీ తిరిగి ఇవ్వాలి. రెండో కుర్చీలో ముప్పై రోజుల్లోగా మనిషిని పెట్టాలి. పోయిన జీతంలో సగమే ఇస్తే చాలు, ఎందుకంటే పక్క కుర్చీ ఖాళీ గురించి లొరెట్టా ఏనాడూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయలేదట. ఊపిరి సలపని పనిలో ఉన్న మనిషి, ఊపిరి సలపడం లేదని అర్జీ పెట్టుకోలేదన్నది ఆమె నేరం. ఆ పేరా మూడుసార్లు చదివి, పసుపు పుస్తకం తెరిచి, మొదటి ఫిర్యాదు ఆ పూటే రాసింది: గదిలో ఏసీ పనిచేయడం లేదు.

జులైలో ఒక మధ్యాహ్నం పిడుగుల వాన. మొదటి లైనులో ఒక ముసలాయన, చెట్టు కూలి భార్య కాలు మీద పడిందని ఏడుస్తున్నాడు. మూడో లైను మోగింది. లొరెట్టా చెయ్యి అలవాటుగా లేచింది. అప్పటికే పక్క కుర్చీలోని కొత్త అమ్మాయి దాన్ని ఎత్తేసింది.

"నాది. మీరు ఆయనతో ఉండండి," అంది తల తిప్పకుండానే.

లొరెట్టా చెయ్యి దించింది. అంబులెన్సు వాళ్ళ అడుగులు ఫోన్లో వినబడే దాకా, ఆ ముసలాయన తనంతట తాను ఫోను పెట్టేసే దాకా, ఆమె ఆయనతోనే ఉంది.