నా సంతకంతో పోయిన సంపుటం

ఉప్పల్‌లో ఒక పరిశోధన సంస్థ గ్రంథాలయంలో నా ఉద్యోగం. మా దగ్గర లేని వ్యాసాన్ని వేరే ఊరి గ్రంథాలయం నుంచి తెప్పించడం, వాళ్ళకు లేనిది మేం స్కాన్ చేసి పంపడం. ఒకప్పుడు పోస్టులో వారాలు పట్టేది, ఇప్పుడు టీ చల్లారేలోపు మెయిల్లో వచ్చేస్తుంది. ఎవరి దగ్గర ఏముందో గ్రంథాలయాలన్నీ కలిసి పెట్టుకున్న ఉమ్మడి కేటలాగు చెబుతుంది. దాన్ని దేవుడి కంటే ఎక్కువ నమ్మాను, నా ఖర్మ.

మొన్న ఎండాకాలంలో నాచారం నుంచి ఒకాయన వచ్చాడు. అక్కడి ఫ్యాక్టరీలో పొడి కొట్టే మిషను మీద పాతికేళ్ళు పనిచేసి, ఊపిరితిత్తులు పాడై మానేశాడు. జబ్బు పని వల్లే వచ్చిందని కేసు వేశాడు. ఎన్నో ఏళ్ళ కిందట డాక్టర్లు వాళ్ళ షెడ్డులో అందరినీ పరీక్షించి, ఆ వివరాలు ఒక చిన్న పత్రికలో అచ్చువేశారట. అలాంటి పరీక్షే జరగలేదని కంపెనీ వాదన. నెలరోజుల్లో వాయిదా. నేనుండేదీ నాచారంలోనే. సాయంత్రం ఘాటు వాసన వస్తే కిటికీ మూసుకుంటాను, అంతే.

ఆ పత్రిక ఇంటర్నెట్‌లో లేదు. కేటలాగులో నాలుగు గ్రంథాలయాల పేర్లున్నాయి, మొదటిది మాదే. వెళ్ళి చూస్తే ఆ అరలున్న చోట కంప్యూటర్ బల్లలున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. పాత సంపుటాలు తుక్కుకు వేసినప్పుడు, మిగతా మూడుచోట్లా ఉన్నాయి కదా అని జాబితా మీద సంతకం పెట్టింది నేనే. కేటలాగులో మాత్రం కొట్టేయలేదు. కొట్టేస్తే తనిఖీలో మన పుస్తకాల సంఖ్య తగ్గుతుంది, అందరం ఇలాగే చేస్తాం.

అందరం. ఆ మాట తట్టగానే గబగబా నా సీటుకు వచ్చాను.

మూడుచోట్లకూ రాశాను. ఒకరు లేదన్నారు. ఇంకొకరు, మిగతావాళ్ళ దగ్గర ఉందిగా అని తుక్కుకు వేశామన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. ఆయన ప్రతి శనివారం బస్సెక్కి వచ్చి, నా ఎదుట స్టూలు మీద కూర్చుని దగ్గేవాడు. వారం వారం ఆ దగ్గు ఇంకా లోపలి నుంచి వచ్చేది. జవాబు రాలేదని అబద్ధమాడేదాన్ని.

వాయిదాకు రెండు రోజుల ముందు మూడో గ్రంథాలయం మెయిల్ వచ్చింది. నా అభ్యర్థననే మాకు తిప్పి పంపారు. వాళ్ళ దగ్గర ప్రతి లేదట, కేటలాగు ప్రకారం మా దగ్గర ఉందట, దయచేసి మేమే సరఫరా చేయాలట.

ఆయన ఎదురుగానే ఉన్నాడు. ఇక దాచలేక, ఆ పుస్తకం పారేయించింది నేనేనని చెప్పాను. తిట్టినా బాగుండేది. స్టూలు దగ్గరికి జరుపుకుని అడిగాడు.

"పారేసినట్టు కాయితం ఉన్నదా మేడం?"

ఉంది. ఊరి సంగతులున్న వ్యాసాల పేర్లు జాబితాలో విడిగా రాయడం మా ఆనవాయితీ. నాచారం కార్మికుల ఊపిరితిత్తుల పరీక్ష అని నా చేతిరాతలోనే ఉంది. రాసి కూడా సంతకం పెట్టానన్నమాట.

"గదే ఇయ్యిన్రి. పుస్తకం ఉండె, మీరే తీసేసిన్రని రాసియ్యిన్రి. లేకుంటె మమ్ముల ఎవ్వరు సూడనే లేదంటరు."

తెల్ల కాగితం తీశాను. మొదటి వాక్యం సగంలో కలం ఆపాను. ఆయన దగ్గు విని కాదు, ఈ కాగితం కోర్టుకెళ్తే రెండేళ్ళలో రావలసిన నా పెన్షన్ ఏమవుతుందోనని. నా కోసమే ఆగానని ఆయన కనిపెట్టాడు.