నర్సమ్మగారి స్టీలు గ్లాసు

మా నర్సమ్మగారు పోయారు. పోయిన నెల ఒక శనివారం పొద్దున షెడ్డులో మామిడికాయలు సైజుల వారీగా ఏరుతుంటే, పాలు పోసే ఆవిడ వచ్చి చెప్పింది. నిద్రలోనే పోయారట. చేతిలో ఉన్న కాయ ఏ ట్రేలో వెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

పెద్దకర్మ రోజు భోజనాలకి ముందు నలుగురు మగవాళ్ళు మైకు అందుకున్నారు. "మా పిల్లలందరికీ పోలియో చుక్కలు వేసిన తల్లండీ" అన్నాడొకాయన. "ఎన్ని పురుళ్ళు పోశారో లెక్కే లేదు" అన్నాడింకొకాయన. అబద్ధమేమీ కాదు. కానీ ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ దేనికోసం ఈ ఊరి మగాళ్ళ చేత తిట్లు తిన్నారో ఆ మాట మాత్రం ఒక్కడి నోటా రాలేదు. మాట్లాడిన నలుగురిలో ఇద్దరు ఆవిడ ముందు నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించినవాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆడదానివి, ఇవన్నీ రాయడానికి సిగ్గు లేదా అంటారేమో. సిగ్గుపడి ఒకసారి చావు దాకా వెళ్ళొచ్చాను, ఇక చాలు.

నర్సమ్మగారు పొట్టి మనిషి. జుట్టు ముడిలో ఎప్పుడూ బాల్‌పెన్ను గుచ్చి ఉండేది, దానికోసం సంచంతా వెతుక్కునేవారు. నూజివీడులో బస్సు దిగి, ఆటోలో మా ఊరొచ్చి, తోటలన్నీ కాలినడకనే తిరిగేవారు. ఎవరైనా కాయ ఇస్తే అక్కడే నిలబడి, రసం మోచేతి దాకా కారుతుంటే తినేసి, టెంక మాత్రం కాగితంలో చుట్టుకుని తీసుకెళ్ళేవారు. "ఎక్కడైనా మట్టి కనిపిస్తే పాతుతా. నాకేం పోయింది?" అనేవారు.

నాకు పెళ్ళైన రెండో ఏడు. సీజన్లో మా ఆయన కాయల లారీల మీద దూరపు మార్కెట్లకి వెళ్ళి పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. నాకు తెల్లబట్ట ఎక్కువగా అవుతుండేది. పొత్తికడుపు లాగేసేది. "వేడే. ఎండలో పని, దానికి తోడు కాయలు తింటావు" అని మా అత్త సబ్జా నీళ్ళు తాగించింది. ఎంత తాగినా తగ్గలేదు. నర్సమ్మగారు షెడ్డుకి వచ్చినప్పుడు నా మొహం చూసే పట్టేశారు. ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించి, రెండు పొట్లాల మాత్రలు ఇప్పించారు. ఒకటి నాకు, ఒకటి మా ఆయనకి.

"ఒకే కంచంలో తినే మొగుడూ పెళ్ళాలు మందు కూడా కలిసే తినాలే. నువ్వొక్కదానివే మింగితే తగ్గినట్టే తగ్గి మళ్ళీ అతని దగ్గర్నించి నీకే వస్తుంది. అతనికి పైకి ఏమీ కనపడకపోవచ్చు. అయినా సరే, మింగాలి. మందు అయ్యేదాకా దూరంగా పడుకోండి" అన్నారు.

మా ఆయన ఆ పొట్లం చూసి నవ్వాడు. "ఆడోళ్ళ రోగానికి నేను మాత్రలు మింగేదేంటి? ఎవరన్నా వింటే పరువు పోద్ది" అని చూరులో దోపేశాడు. వారం తర్వాత నర్సమ్మగారు అడిగారు, "మింగాడా?" అని.

"మింగాడండీ" అన్నాను.

మొగుడి పరువు కాపాడాననుకున్నాను. మా ఇళ్ళల్లో మాకు నేర్పింది అదే కదా! సుఖవ్యాధి అని పేరొకటి పెట్టారు ఈ రోగానికి. సుఖం ఎవరిదో, వ్యాధి ఎవరిదో ఆ పేరు పెట్టినవాడికి తెలియాలి.

మరుసటి ఏడు మళ్ళీ కాయల కాలం. నాకు నెల తప్పి రెండు వారాలు దాటింది. కొంచెం మరకలా కనిపిస్తే, ఆలస్యంగా వచ్చిందిలే అనుకున్నాను. కడుపులో ఒకపక్క సూదితో పొడిచినట్టు నొప్పి. ఆ మర్నాడు కుడి భుజం పట్టేసింది. సీజన్లో ట్రేలు మోసే మాకెవరికి భుజం నొప్పి ఉండదు? షెడ్డులో పదిమందికి పది భుజాలు పట్టేస్తాయి. మా అత్త ఆముదం కాచి రుద్దింది. "బరువులకి పట్టేసింది, నిద్రపోతే సర్దుకుంటుంది" అంది. పడుకుంటే ఇంకా ఎక్కువైంది. మొండిగా మర్నాడు పనిలోకి వెళ్ళాను. కాయలు రెండు రెండుగా కనిపిస్తున్నాయి, చెమటలు పడుతున్నాయి.

నా అదృష్టం, ఆవేళ నర్సమ్మగారు షెడ్డు మీదుగా వెళ్తున్నారు. దగ్గరికొచ్చి కింది రెప్ప లాగి చూశారు. "ఏమే, నెల తప్పిందా?" అన్నారు. తలూపాను. "భుజం నొప్పి కూర్చుంటే ఎక్కువా, పడుకుంటేనా?"

"పడుకుంటేనండీ. ట్రేలు మోశాను కదండీ..."

"ట్రేలు కాదు, నీ మొహం! కడుపులో రక్తం పోతోందే" అని కేక పెట్టి, కాయలు దించుతున్న ట్రాలీ ఆటోని ఖాళీ చేయించి నన్ను ఎక్కించారు. దారంతా నా చెయ్యి వదల్లేదు. నిద్రపోనివ్వకుండా తిడుతూనే ఉన్నారు.

గర్భం సంచిలో నిలవలేదట. పక్క గొట్టంలో నిలిచి, పెరిగి, గొట్టం పగిలింది. ఆపరేషన్ చేసి ఆ గొట్టం తీసేశారు. "ఇదొక్కటే కారణమని గట్టిగా చెప్పలేం గానీ, ఇన్ఫెక్షన్ ముదిరితే లోపల గొట్టాలు పాడవుతాయి. అలాంటి చోట ఇలా ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ" అంది డాక్టరమ్మ. రెండో గొట్టం కూడా బాగా లేదంది.

బయట మా ఆయన నర్సమ్మగారిని అడిగిన మొదటి మాట, "మళ్ళీ పిల్లలు పుడతారాండీ?"

"బతికిందా అని అడగవేంరా ముందు!" అని ఆవిడ అరిచిన అరుపు లోపల మంచం మీద నాకు వినపడింది. ఇన్నేళ్ళైనా నా చెవిలోనే ఉంది.

నాకు మళ్ళీ పిల్లలు నిలవలేదు. ఊరు నన్ను గొడ్రాలు అంది. ఆయన్ని ఏమీ అనలేదు. మగాణ్ణి అనడానికి అలాంటి మాటే లేదు మరి!

కుట్లు విప్పిన రోజు నర్సమ్మగారికి నిజం చెప్పి ఏడ్చాను. కొడతారేమో అనుకున్నాను. కొట్టలేదు. "నువ్వు చెప్పింది అబద్ధమే. కానీ నమ్మి ఊరుకోవడం నా తప్పు. పెళ్ళాన్ని అడిగితే మొగుడి సంగతి నిజం చెప్తుందా, నా పిచ్చి గానీ" అన్నారు.

ఆవిడ సంచిలోకి స్టీలు గ్లాసు వచ్చింది అప్పుడే. అప్పటినుంచీ ఆవిడ ఆడవాళ్ళని అడగడం మానేశారు. మొగుడు చెట్టు మీదుంటే చెట్టు కింద, లారీ ఎక్కుతుంటే లారీ దగ్గర నిలబడేవారు. గ్లాసులో మజ్జిగ పోసి, "మింగు. నోరు తెరువు. నాలుక ఎత్తు" అనేవారు. మొదట మింగింది మా ఆయనే. వెనకాల బూతులు తిట్టినవాళ్ళున్నారు, పైవాళ్ళకి అర్జీలు పెట్టినవాళ్ళున్నారు. "తిట్టుకోనీ. మింగి తిడుతున్నారు కదా" అనేవారు.

ఆ తిట్టినవాళ్ళే మొన్న మైకులో తల్లి, దేవత అన్నారు. ఫొటో ముందు ఆవిడ గ్లాసులోనే బంతిపూలు పెట్టారు. నేను ఉండబట్టలేక లేచాను. "ఆవిడ మీ చేత మాత్రలు మింగించింది, మీ పెళ్ళాల్ని బతికించింది. ఆ మాట చెప్పరేం?" అన్నాను. మా ఆయన ఇంకా వడ్డించని విస్తరి వంక చూస్తూ కూర్చున్నాడు. వచ్చేటప్పుడు నర్సమ్మగారి అమ్మాయిని అడిగి ఆ గ్లాసు తెచ్చుకున్నాను.

నాలుగు రోజులకి షెడ్డులో కొత్తగా చేరిన కోడలుపిల్ల నన్ను ట్రేల చాటుకి పిలిచింది. కొంగు ముడి విప్పి పొట్లం చూపించింది. "ఆస్పత్రిలో ఇద్దరికీ ఇచ్చారు పిన్నీ. ఈయన మింగనంటున్నాడు. మింగాడని చెప్పెయ్యమంటున్నాడు" అంది.

గ్లాసు తీసుకుని, మజ్జిగ కలుపుకుని తోటకి నడిచాను. ఆ పిల్ల నా వెనకాలే వచ్చింది. కాయలు కోస్తున్న ఆ పిల్ల మొగుడు చెట్టు దిగి మా ఇద్దరినీ, గ్లాసునీ చూశాడు. ఆ గ్లాసు గురించి వాళ్ళ నాన్న చెప్పే ఉంటాడు. కిక్కురుమనకుండా మాత్ర వేసుకుని మజ్జిగ తాగాడు.

"నోరు తెరువు" అన్నాను.

తెరిచాడు. నేను అనకముందే నాలుక పైకెత్తాడు. కింద ఏమీ లేదు.