పద్నాలుగు నెలల గ్యాప్

అమీర్‌పేటలో నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పుతాను. నేర్పడం అని పేరే గానీ, సగం రోజు రెజ్యూమేలు దిద్దడంతోనే గడిచిపోతుంది. కాగితం చేతికి రాగానే నా కన్ను చదువు మీదికీ మార్కుల మీదికీ పోదు. రెండు ఉద్యోగాల మధ్య ఖాళీ ఎక్కడుందా అని వెతుకుతుంది. దాన్ని మా గల్లీలో అందరూ గ్యాప్ అంటారు. గ్యాప్ ఉంటే ఇంటర్వ్యూకి కూడా పిలవరని, ఏదో ఒకటి రాసి పూడ్చేయమని పిల్లలకు చెబుతాం. పదేళ్లు ఇదే పని చేసిన నాకు మనిషి ఎదురుగా ఉన్నా కాగితమే కనబడేది. ఆ సంగతి ఫుట్‌బాల్ వల్ల తెలిసింది.

మా అక్క భర్త ఈ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ ఆఫీసులో పనిచేసేవారు. పంజాగుట్టలో ఓ బిల్డింగు మూడో అంతస్తులో ఉండేదా ఆఫీసు. ఏ ఆటగాణ్ని తీసుకోవాలో చూసి చెప్పేది ఆయనే. మేం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం గానీ బావగారు పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులోనే. వయసులో ఉండగా ఓ ప్రభుత్వ ఆఫీసు టీముకు ఆడి మోకాలు పాడుచేసుకున్నారు. అక్కకు వచ్చిన ఎర్రమంజిల్ క్వార్టర్సులో ఉంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక నా భోజనం అక్కడే. కూర కలుపుకుంటూ, ఆయన తెచ్చిన ఆటగాళ్లను తూర్పారబట్టడం నాకు అలవాటు. ఆయన నవ్వి, "జర ఆగు బామ్మర్దీ, ఇంకో నాలుగు మ్యాచులు చూడు" అనేవారు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఫోన్లో అభిమానుల గ్రూపు ఒకటుంది. అందులో నేను మారుపేరుతో ఉండేవాణ్ని. సీజన్ మొదలయ్యే ముందు కొత్తవాళ్లందరికీ మార్కులు వేసి, వాళ్లను తెచ్చిన ఆఫీసుకూ మార్కులు వేసేవాణ్ని. ఇంగ్లీషు భలే రాస్తావని మెచ్చుకుంటే పొంగిపోయేవాణ్ని. బావగారింట్లో తిని బావగారి పనినే తిట్టడం తప్పనిపించలేదా అంటే, లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడికి తను చేస్తున్నది అదేనని తట్టదు.

మొన్నటి సీజన్‌లో మేం వరసగా ఓడిపోతూ వచ్చాం. ఒక మ్యాచ్‌లో, ఆట ముగుస్తుందనగా, కొత్త డిఫెండర్ కాలి కింద నుంచి బంతి జారింది. గోల్ అయిపోయింది. మర్నాడు ఆటగాళ్ల వివరాలుండే సైటు తెరిచి అతని పేజీ చూశాను. పద్నాలుగు నెలల పాటు ఏ టీమూ లేదు. ఇక నా కన్ను ఊరుకుంటుందా? క్లాసు మొదలయ్యేలోపు పెద్ద పోస్టు రాసి గ్రూపులో పెట్టాను. ఇంత గ్యాప్ ఉన్నవాణ్ని ఏ కంపెనీ గేటు లోపలికి రానిస్తుంది, వీణ్ని తెచ్చినవాళ్లకు బయోడేటా చదవడం వచ్చా, అసలు వీడితోపాటు తెచ్చిన ఆ కొత్త గోల్‌కీపర్‌ను ఎవరైనా గ్రౌండ్‌లో చూసి తీసుకున్నారా, వీటికి బాధ్యుడైనవాణ్ని తీసేయాలి, అని. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది.

నాలుగు రోజుల తర్వాత బావగారు మా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. ఎప్పుడూ రాని మనిషి. ఖాళీ క్లాసురూములో బెంచీ మీద కూర్చుని, చొక్కా జేబులోంచి ఓ కాగితం తీసి నా చేతికిచ్చారు. నా పోస్టే, ప్రింటు తీసి ఉంది.

"గీ దానికి జవాబు రాయాలె. పెద్దసార్లు అడుగుతుండ్రు. నాకు గంత ఇంగ్లీషు రాదు, నీకొస్తది గదా."

"ఎవరు రాశారో తెలిసిందా?" అన్నాను.

"ఎవలైతేంది. చదువుకున్నోడే. ఆటంటే పానం ఉన్నోని లెక్కనే ఉన్నడు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చెప్పలేదు. లాప్‌టాప్ తెరిచాను.

ఆయన చెబుతూ పోయారు. ఆ డిఫెండర్ అంతకుముందు ఆడిన క్లబ్ మూతబడిందట. పద్నాలుగు నెలలు ఊళ్లో తాపీపని చేశాడట. బయోడేటాలో కూడా తాపీపని అనే రాశాడట. "గట్ల రాసినోన్ని నేను ఇప్పటిదాంక చూడలే. అందుకే మూడు రోజులు పొద్దుగాల పోయి ఆని ఆట చూసిన. బాల్ పోతే చేతులు లేపి రెఫరీ దిక్కు చూడడు. ఎనక్కి తిరిగి ఉరుకుతడు. నాకు గది చాలు."

నేను టైపు చేస్తూనే ఉన్నాను. అబద్ధం రాయనందుకు ఆయన తీసుకున్నారు. అబద్ధం రాయనందుకే నేను తిట్టాను.

గోల్‌కీపర్ దగ్గరికి వచ్చేసరికి బావగారు మోకాలు రుద్దుకున్నారు. "గాయన్ని నేను చూడలే. ఆటగాళ్లను తీసుకునే గడువు అయిపోతుండె. ఏజెంటు పంపిన వీడియోలు చూసి తెచ్చిన. అది నా తప్పే. గట్లనే రాయి."

"వద్దు బావగారూ. మనంతట మనం ఒప్పుకుంటే వాళ్లకదే చాలు" అన్నాను. వీడియోల మాట ఎత్తకుండా, గడువునీ టీములోని గాయాలనీ అడ్డం పెట్టి నున్నగా ఓ పేరా రాసిచ్చాను. గ్యాపులు పూడ్చడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మీ బావగారు నువ్వు రాసింది చదివి చదివి మురిసిపోతున్నార్రా" అంది.

తర్వాతి ఆదివారం చర్చిలో బల్ల, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే ముందు వాళ్లతో సమాధానపడి, ఆ తర్వాతే రొట్టె ముట్టాలని మాకు చిన్నప్పుడే నేర్పారు. ఏళ్ల తరబడి ఆలోచించకుండా తీసుకున్నవాణ్ని, ఆరోజు పళ్లెం నా దాకా వస్తే పక్కకు అందించేశాను. పక్కన ఉన్నది బావగారే. ఆయన చూశారు.

గేటు దగ్గర, అక్క ఎవరితోనో మాట్లాడుతుండగా, నన్ను ఓ పక్కకు పిలిచారు. "ఏమైంది బామ్మర్దీ, బల్ల తీసుకోలే?"

"మీరు ప్రింటు తీసి తెచ్చిన ఆ పోస్టు రాసింది నేనే బావగారూ."

ఆయన నా మొహంలోకి చూశారు. "ఆని గ్యాప్ గురించి సుత నువ్వేనా?"

"నేనే."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. తల దించుకుని, చేతిలోని బైబిలు సంచి తాడు చుట్టుకుంటూ చెప్పారు. శుక్రవారం క్లబ్ పెద్దలు ఆయన్ని ఇక ఆఫీసుకు రావద్దన్నారట. నేను వద్దన్నా, నా ఉత్తరం అడుగున కీపర్ సంగతి తన చేత్తో తెలుగులో రాసిచ్చారట. వాళ్లు ఆ రెండు లైన్లే పట్టుకున్నారు. అక్కకు ఇంకా చెప్పలేదట.

"కీపర్ గురించి నువ్వు రాసింది కరెక్టే. దానికి నాకు బాధ లేదు" అన్నారు. సంచి చంకలో పెట్టుకుని, "ఆ పిలగాని గురించి రాసింది మాత్రం తీసెయ్. ఆనికి సుత ఫోనుంటది గదా" అన్నారు.

ఇన్నేళ్లు మార్కులు వేశాను. అవి ఆటగాళ్లు చదువుతారని ఒక్కనాడూ అనుకోలేదు. అక్కడే నిలబడి పోస్టు తీసేశాను. దాన్ని రాసింది నేనేనని, తప్పు రాశానని నా అసలు పేరుతో పెట్టాను. కానీ పాతది అప్పటికే ఎన్ని గ్రూపుల్లో ఉందో ఎవరికి తెలుసు?

బావగారి దగ్గర నంబరు తీసుకుని మర్నాడు ఆ డిఫెండర్‌కు ఫోన్ చేశాను. ఎవరినో, ఏం రాశానో చెప్పి క్షమించమని అడిగాను. అతను అంతా విని ఒక్కటే అడిగాడు.

"సార్‌ను నా వల్లనే తీసేసిండ్రా?"

"కాదు. నా వల్ల" అన్నాను.

అతను ఫోన్ పెట్టేశాడు.